హిరోషిమా, నాగసాకి: చచ్చినవాళ్ల లెక్క ఎవరు రాశారు?

(ఆగస్టు 6న ఒక మండల కేంద్రంలో వ్యవసాయ కూలీలు, విద్యార్థులు, సంఘ కార్యకర్తలు జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాట్ల రోజుల్లో కూలి మానుకుని ఈ సభకొచ్చారు. ఎక్కడో జపాన్‌లో, మన తాతల కాలంలో పడ్డ బాంబుకీ మనకీ ఏం సంబంధం అని కొందరు అడుగుతున్నారు. బాంబు పడితే దొరా పోతాడు, పాలేరూ పోతాడు, అందులో మన పాలు ప్రత్యేకంగా ఏముంది అంటున్నారు. అడగాల్సిన మాటే.

నిజమే, బాంబు ఎవరి ఇల్లని చూసి పడలేదు. కానీ బాంబు పడకముందు ఎవరు ఏ పేటలో బతకాలో, ఎవరు ఏ పని చెయ్యాలో మనుషులు నిర్ణయించి పెట్టారు. పడిన తర్వాత మందు ఎవరికి, పింఛను ఎవరికి, రాతి మీద పేరు ఎవరికి అన్నది కూడా మనుషులే నిర్ణయించారు. బాంబు పని ఒక్క క్షణంలో అయిపోయింది. చచ్చినవాళ్ల లెక్క మాత్రం ఎనభై ఏళ్లు దాటినా పూర్తి కాలేదు. ఆ లెక్క గురించే ఇవ్వాళ మాట్లాడతాను.

ఆ పొద్దు ఏం జరిగింది?

1945 ఆగస్టు 6, సోమవారం. హిరోషిమా ఊళ్లో ఆ పొద్దు విమానాలొస్తున్నాయని సైరన్ మోగింది. ఏడున్నరకల్లా ప్రమాదం లేదని మళ్లీ సైరన్ కొట్టారు. జనం దాక్కున్న చోట్ల నుంచి బయటికొచ్చారు. పనుల్లోకి పోయారు. 8 గంటల 15 నిమిషాలకు అమెరికా బి-29 విమానం ఒకటి ఒకే ఒక్క బాంబు వదిలింది. ఆ విమానానికి దాన్ని నడిపిన సైనికాధికారి తన కన్నతల్లి పేరు పెట్టుకున్నాడు. బాంబుకేమో 'చిన్న పిల్లోడు' అని పేరు పెట్టారు. పేర్లు ఎట్లా ఉన్నాయో చూడండి!

ఆ బాంబులో ఉన్న యురేనియం సుమారు 64 కిలోలు. మన లెక్కలో ఒక బస్తా కొంచెం పైన. అందులో నిజంగా పగిలింది కిలోకి అటూ ఇటూ మాత్రమే. దానికే దాదాపు 15 వేల టన్నుల మామూలు పేలుడు మందుతో సమానమైన దెబ్బ తగిలింది. నేల మీద కాదు, ఊరికి 600 మీటర్ల ఎత్తున గాలిలోనే పేలింది. ఎత్తున పేలితే ఎక్కువ ఇళ్లు కూలతాయని లెక్కలేసుకునే అట్లా పేల్చారు.

ఆ టైముకి బయట ఎండలో ఎవరున్నారు? అది చూడాలి. విమాన దాడుల్లో మంటలు ఒక వాడ నుంచి ఇంకో వాడకి పాకకుండా మధ్యలో ఇళ్లు కూలగొట్టి ఖాళీ జాగా చెయ్యాలని ప్రభుత్వం హుకుం. ఆ కూలగొట్టే పనికి బడిపిల్లల్ని తోలారు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు. అట్లా ఆ పొద్దు వీధుల్లో పెంకులూ దూలాలూ మోస్తున్న పిల్లలు 8 వేల మందికి పైగా. వాళ్లలో 6 వేలకు పైగా చనిపోయారు. చదువుకోవాల్సిన పిల్లల్ని వెట్టికి తోలితే ఏమవుద్దో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ముందు వెలుగు, తర్వాత వేడి, ఆ తర్వాత గాలిదెబ్బ, ఆపైన ఊరంతా మంట. ఊళ్లో డాక్టర్లు, నర్సుల్లో పదికి తొమ్మిది మంది చచ్చారు, లేదా లేవలేని స్థితిలో పడ్డారు. ఇక వైద్యం ఎవరు చేస్తారు? ఒంటి మీద గీత కూడా పడనివాళ్లు తర్వాతి వారాల్లో జుట్టు ఊడి, చిగుళ్ల నుంచి నెత్తురు కారి, ఒంటి మీద ఊదారంగు మచ్చలు లేచి చనిపోయారు. బాంబు పడినప్పుడు ఊళ్లోనే లేకుండా, తమవాళ్లని వెతుక్కుంటూ తర్వాత వచ్చినవాళ్లూ జబ్బుపడ్డారు. కంటికి కనపడని, వాసన లేని, ఒంట్లోకి దూరి ఎముకలో నెత్తురు తయారయ్యే చోటే దెబ్బకొట్టే ఆ కిరణాల సంగతి ఆ జనానికి ఎవరూ చెప్పలేదు.

మూడు రోజులకి, ఆగస్టు 9న, పొద్దున 11 గంటల 2 నిమిషాలకి నాగసాకి మీద రెండో బాంబు. ఇది ప్లుటోనియం బాంబు. అసలు వెయ్యాలనుకున్నది కోకురా ఊరి మీద. అక్కడ మబ్బూ పొగా కమ్మి కింద ఏమీ కనపడలేదని నాగసాకి వైపు తిప్పారు. ఆ ఏడాది ఆఖరుకి హిరోషిమాలో సుమారు 1 లక్షా 40 వేల మంది, నాగసాకిలో సుమారు 74 వేల మంది చనిపోయారని ఆ ఊళ్ల లెక్క. హిరోషిమా లెక్కలోనే పదివేలు అటూ ఇటూ అని రాసుకుంటారు. పదివేల మంది ఉన్నట్టో లేనట్టో తెలియలేదంటే, అది మన పక్కనున్న పెద్ద ఊరంత!

బాంబు లేకపోతే యుద్ధం ఆగేది కాదా?

బాంబేసినవాళ్లు చెప్పే సమాధానం ఒకటుంది. యుద్ధం ఆపడానికే వేశాం, లేకపోతే ఇంకా లక్షలమంది చచ్చేవాళ్లు అంటారు. 1946లో అమెరికా ప్రభుత్వం తానే వేసిన సర్వే సంఘం ఏం రాసింది? ఈ బాంబులు వెయ్యకపోయినా, రష్యా యుద్ధంలోకి దిగకపోయినా, 1945 ఆఖరులోపు జపాన్ లొంగిపోయేదే అని రాసింది. దీని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వాళ్ల వాదన ఎటు తేలినా, పన్నెండేళ్ల పిల్ల ఆ వాదనకి బాకీ లేదు.

అట్లాగని జపాన్ పాలకులు పాపం ఎరగనివాళ్లని నేను చెప్పడం లేదు. చైనాలో నాన్‌జింగ్‌లో వాళ్ల సైన్యం చేసిన ఊచకోత లోకానికి తెలుసు. 1910 నుంచి కొరియాని కబ్జా పెట్టి, ఆ జనం భాషనీ పేర్లనీ కూడా లాక్కున్నారు. అయితే పాలకుల పాపానికి కూలిన ఇళ్లు ఎవరివి? చక్రవర్తి తన సింహాసనం మీదే ఉన్నాడు. హిరోషిమాలో ఖైదులో ఉన్న 12 మంది అమెరికా సైనికులు మాత్రం తమ సొంత దేశం బాంబుకే చనిపోయారు. యుద్ధం చేయించేవాడూ యుద్ధంలో చచ్చేవాడూ ఏ దేశంలోనూ ఒక్కడు కాదు.

ఇంకో సంగతి. ఆ బాంబులు చెయ్యడానికి తెచ్చిన యురేనియంలో ఎక్కువ భాగం ఆఫ్రికాలో అప్పటి బెల్జియం కాంగో నుంచి, షింకోలోబ్వే అనే గని నుంచి వచ్చింది. అక్కడ తవ్వింది నల్లజాతి కూలీలు. ఆ రాయి దేనికి పోతోందో వాళ్లకి చెప్పలేదు. దాని దుమ్ము ఒంటికి ఏం చేస్తదో చెప్పలేదు. హిరోషిమా చరిత్ర పుస్తకాలు విమానం నడిపినవాడి పేరు రాస్తాయి. రాయి మోసినవాడి పేరు ఎక్కడుంది?

ఉరకామి: పక్కపక్కన రెండు పేటలు

నాగసాకిలో బాంబు పడింది ఊరి నడిబొడ్డున కాదు. ఊరికి ఉత్తరాన ఉరకామి అనే లోయ మీద. అక్కడ ఎవరుండేవాళ్లో మనవాళ్లు తప్పక తెలుసుకోవాలి.

ఒక పక్క కాథలిక్ క్రైస్తవులు. రెండున్నర వందల ఏళ్లు వాళ్ల మతాన్ని రాజ్యం నిషేధించింది. దొరికితే చంపింది. వాళ్లు దొంగచాటుగా ప్రార్థన చేసుకుంటూ బతికారు. ఇంకో పక్క బురకుమిన్ పేట. బురకుమిన్ అంటే జపాన్‌లో అంటరానివాళ్లుగా వెలివేసిన జనం. చచ్చిన పశువుల తోలు తియ్యడం, చెప్పులు కుట్టడం, తలారి పనులు చెయ్యడం వాళ్ల పని. ఆ పని చేసినందుకు మైల అన్నారు. మైల అన్నాక ఊరికి దూరంగా పెట్టారు. రంగులో, ముక్కు తీరులో, భాషలో మిగతా జపాన్ వాళ్లకీ వీళ్లకీ ఏ తేడా లేదు. పుట్టిన పేటే తేడా. ఈ కథ మనకి ఒకరు చెప్పాలా?

రాజ్యం ఏం చేసిందంటే, దాక్కున్న క్రైస్తవుల మీద కాపలాకీ, వాళ్లని పట్టుకోవడానికీ ఈ బురకుమిన్‌నే వాడుకుంది. ఒక అణగారిన పేట చేతికి కర్ర ఇచ్చి ఇంకో అణగారిన పేట మీదికి తోలింది. దాంతో ఇద్దరి మధ్యా తరాల పగ మిగిలింది. కర్ర ఇచ్చినవాడు మాత్రం దూరంగా మేడలో కూచున్నాడు. 1871లో చట్టం ప్రకారం బురకుమిన్ కూడా అందరితో సమానమే అని రాశారు. కాగితం మీద రాశారు. పేట పేటగానే ఉండిపోయింది. 1922లో క్యోటోలో వాళ్లే 'సుయిహెయిషా' అని సమానత్వ సంఘం పెట్టుకుని పోరాటానికి దిగారు.

1945 ఆగస్టు 9న ఆ రెండు పేటల మీదా ఒక్కటే బాంబు పడింది. ఉరకామి చర్చికి చెందిన 12 వేల మందిలో సుమారు 8,500 మంది చనిపోయారని లెక్క. బురకుమిన్ పేట నేలమట్టమైంది. ఊళ్లో కొండల అవతల బతికిపోయినవాళ్లలో కొందరు ఏమన్నారో తెలుసా? బాంబు పడింది నాగసాకి మీద కాదు, ఉరకామి మీద అన్నారు. మన దేవుణ్ణి కాదన్నవాళ్లకి శిక్ష పడింది అన్నారు. అంటే శవాల దగ్గర కూడా ఇది మా ఊరు, అది మీ పేట అని గీత గీశారు.

క్రైస్తవులు చర్చి మళ్లీ కట్టుకున్నారు. బురకుమిన్ పేట మాత్రం పూర్వంలా లేవలేదు. బతికినవాళ్లు చెల్లాచెదురైపోయారు. పుట్టిన పేట పేరు చెబితే వెలి, బాంబు దెబ్బ తిన్నామని చెబితే ఇంకో వెలి. రెండూ దాచుకుని బతికారు. దశాబ్దాలు గడిచాక బురకుమిన్ సంఘాలవాళ్లు ఒక్కొక్కరినీ వెతికి, ఆ పేటలో ఎవరెవరుండేవాళ్లో అడిగి రాసుకోవాల్సి వచ్చింది. వాళ్లు అడగకపోతే ఆ పేట ఉండేదన్న సంగతే మాసిపోయేది.

అంటు

మనకి అంటు అంటే ఏంటో తెలుసు. బాంబు తర్వాత జపాన్‌లో ఇంకో రకం అంటు పుట్టింది. బాంబు నుంచి బతికి బయటపడ్డవాళ్లని 'హిబాకుషా' అంటారు. వాళ్ల జబ్బు పక్కవాళ్లకి అంటుకుంటదని జనం భయపడ్డారు. అది అంటుకునేది కాదు. కానీ అంటరానితనం ఎక్కడైనా నిజం మీద నిలబడిందా? పనిలో పెట్టుకోలేదు. సంబంధాలు తప్పిపోయాయి. పెళ్లికి ముందు పిల్ల ఎక్కడ పుట్టింది, ఆ రోజు ఎక్కడుంది అని ఆరాలు తీశారు. ముఖం మీద, చేతుల మీద కాలిన మచ్చలు గట్టిపడ్డ ఆడపిల్లలు ఏళ్ల తరబడి ఇల్లు కదల్లేదు. ఎందరో ఆడవాళ్లు కట్టుకున్నవాడికి కూడా చెప్పకుండా ఆ సంగతి కడుపులో పెట్టుకుని బతికారు.

వైద్యం సంగతి చూద్దాం. 1947లో అమెరికా వాళ్లు హిరోషిమాలో ఒక పరిశోధన కమిషన్ పెట్టారు. పిలిపించి నెత్తురు తీసుకున్నారు, బట్టలు విప్పించి ఫోటోలు తీశారు, కొలతలు రాసుకున్నారు. వైద్యం చెయ్యడం మా పని కాదన్నారు. పరీక్షకి పనికొచ్చిన ఒళ్లు మందుకి పనికిరాలేదు! అమెరికా సైన్యం పెత్తనం ఉన్న 1952 దాకా బాంబు బాధల్ని పేపర్లలో రాయడానికి కట్టడి. జపాన్ ప్రభుత్వం బాధితుల వైద్యం కోసం చట్టం చేసింది 1957లో. పన్నెండేళ్లకి! ఆ పన్నెండేళ్లలో చచ్చినవాళ్లు ఎవరి ఖాతాలో పడ్డారు?

కొరియా వాళ్ల రాయి నది అవతల

హిరోషిమా, నాగసాకిల్లో వేలూ పదివేలుగా కొరియా జనం ఉన్నారు. బతుకుతెరువుకి వలసొచ్చినవాళ్లు కొందరు. సైన్యానికీ, ఫ్యాక్టరీలకీ బలవంతంగా పట్టుకొచ్చినవాళ్లు కొందరు. బాంబు పడ్డాక బతికినవాళ్లలో చాలామంది స్వదేశం వెళ్లిపోయారు. కొరియాలో హప్‌చోన్ అనే జిల్లాకి అలా ఎంతోమంది చేరారు. దాన్ని కొరియా హిరోషిమా అంటారు.

1957 చట్టం కింద వైద్యం కావాలంటే ఒక చిన్న పుస్తకం ఉండాలి. మన రేషన్ కార్డు లాంటిదనుకోండి. ఆ పుస్తకం కావాలంటే ఆ రోజు అక్కడే ఉన్నావని చెప్పే సాక్షులు కావాలి. ఇల్లంతా, వీధంతా చచ్చిపోతే సాక్షి ఎవరు? పైగా 1940 నుంచి కొరియా వాళ్ల మీద జపాన్ పేర్లు రుద్దారు. ఆ రోజు పక్కింటివాళ్లు ఎరిగిన పేరొకటి, ఇప్పటి కాగితంలో పేరొకటి. దొంగ సర్టిఫికెట్ అని మనల్ని ఆఫీసుల చుట్టూ తిప్పేవాళ్లున్నారే, సరిగ్గా ఆ పనే అక్కడా జరిగింది.

సోన్ జిన్-దూ అనే కొరియా మనిషి హిరోషిమా బాధితుడు. 1970లో వైద్యం కోసం కాగితాలు లేకుండా పడవెక్కి జపాన్ వచ్చాడు. అరెస్టు చేశారు. జైల్లో వేశారు. ఆయన వెనక్కి తగ్గలేదు. నా ఒంట్లో జబ్బు మీ గడ్డ మీద పట్టిందే, పుస్తకం ఇవ్వాల్సిందే అని కోర్టుకెక్కాడు. 1978లో జపాన్ సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. కానీ ఆఫీసు వాళ్లు ఊరుకుంటారా? 1974లోనే ఒక సర్క్యులర్ తీసి పెట్టుకున్నారు: పుస్తకం ఉన్నా సరే, జపాన్ దాటి పోతే భత్యం ఆగిపోతుంది అని. అది కొట్టేయించడానికి ఇంకో కొరియా బాధితుడు, క్వాక్ క్వి-హూన్ అనే ఆయన, మళ్లీ కోర్టులు తిరిగాడు. 2002లో ఒసాకా హైకోర్టులో గెలిచాడు. 2003లో సర్క్యులర్ రద్దయింది. ఒక్క కాగితం ముక్కతో ముప్పై ఏళ్లు లాక్కున్నారు.

చచ్చిన కొరియా వాళ్లకి వాళ్ల జనమే 1970లో ఒక రాయి నిలబెట్టుకున్నారు. ఎక్కడ? హిరోషిమా శాంతి ఉద్యానవనంలో కాదు, నదికి అవతలి గట్టున. లోపల శాంతి, బయట కొరియా. ఏళ్ల తరబడి అడిగాక 1999లో ఆ రాయిని లోపలికి తెచ్చారు. చచ్చాక కూడా ఊళ్లోకి రావడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది.

లెక్క తామే రాసుకున్నారు

మరి ఈ జనం ఏడ్చుకుంటూ కూచున్నారా? లేదు. అసలు మనం నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది.

1954 మార్చి 1న అమెరికా బికినీ దీవి దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్ష చేసింది. హిరోషిమా బాంబుకి దాదాపు వెయ్యింతలు. చేపలు పట్టుకుంటున్న జపాన్ పడవ మీద బూడిద రాలింది. ఆ పడవలో రేడియో పనిచేసే కుబోయామా ఆ సెప్టెంబరులో చనిపోయాడు. అప్పుడు టోక్యోలో సుగినామి అనే పేటలో ఆడవాళ్లు, చేపలు అమ్మేవాళ్లు కాగితాలు పట్టుకుని సంతకాలకి ఇంటింటికీ బయల్దేరారు. మరుసటి ఏడాదికి దేశం మొత్తం మీద మూడు కోట్లు దాటాయి. ఆ ఊపుతోనే దాక్కుని బతుకుతున్న బాధితులు ధైర్యం చేసి, 1956 ఆగస్టు 10న నాగసాకిలో తమ సంఘం పెట్టుకున్నారు. దాని పేరు నిహోన్ హిడాంక్యో. ఆ మరుసటి ఏడే వైద్యం చట్టం వచ్చింది. అడిగితే వచ్చింది. అడగని పన్నెండేళ్లూ రాలేదు.

నల్లవాన బాధితుల సంగతి వినండి. బాంబు పేలాక మసితో కలిసి నల్లటి వాన కురిసింది. దాహానికి నోరు తెరిచి ఆ నీళ్లే తాగారు. ఆ నీళ్లతోనే కూరగాయలు పెరిగాయి. ప్రభుత్వం మ్యాపు మీద గుండ్రంగా గీత గీసి, ఈ లోపలున్నవాళ్లే తడిశారు, బయటున్నవాళ్లు తడవలేదు అంది. వాన గీత చూసి కురుస్తుందా? గీత బయటి పల్లెలవాళ్లు 84 మంది కోర్టులో కొట్లాడారు. 2021లో హిరోషిమా హైకోర్టు వాళ్లూ బాధితులే అని చెప్పింది. అప్పటికి 76 ఏళ్లు. కేసు నడుస్తుండగానే కొందరు కన్నుమూశారు.

2024లో హిడాంక్యోకి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. మంచిదే. కానీ 2025 మార్చి నాటికి పుస్తకం ఉన్న బాధితులు లక్షకన్నా తక్కువకి వచ్చారు. సగటు వయసు 86. హిరోషిమాలో ఒక రాతి పెట్టెలో చనిపోయినవాళ్ల పేర్ల పుస్తకాలున్నాయి. ఏటా ఆగస్టు 6న కొత్త పేర్లు కలుపుతారు. 3 లక్షల 40 వేలు దాటాయి. అందులో ఒక పుస్తకం పేరు తెలియనివాళ్ల కోసం. ఆ పక్కనే మట్టిదిబ్బ కింద సుమారు 70 వేల మంది బూడిద ఉంది, ఎవరిదో తెలియదు. కూలికొచ్చినవాళ్లు, వలసొచ్చినవాళ్లు, వెనక అడిగేవాళ్లు లేనివాళ్లు అందులో ఎందరో!

మన దగ్గర

ఇప్పుడు మన సంగతి. ఆ రాయి తవ్వకం మన గడప దాకా వచ్చింది. జార్ఖండ్‌లో జాదుగూడలో 1967 నుంచి ఆదివాసీల నేలలో యురేనియం తవ్వుతున్నారు. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012లో ఫ్యాక్టరీ మొదలైంది. మా బోరు నీళ్లు పాడయ్యాయి, అరటితోటలు ఎండాయి అని అక్కడి రైతులు మొరపెట్టుకున్నారు. 2003లో నల్గొండ జిల్లా పెద్దగట్టు, లంబాపూర్ జనం వద్దన్నారు. 2019లో నల్లమలలో చెంచులు, వాళ్లతో కలిసి ఎందరో వద్దన్నారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ కూడా తవ్వకం వద్దని తీర్మానం చేసింది. ఇది కరెంటు కోసం, బాంబు కోసం కాదు అని చెబుతారు. తుమ్మలపల్లె రాయి కరెంటు కోసమే అనుకుందాం. అయినా తవ్వేవాడి ఊపిరికి, ఊరి బావికి ఆ తేడా తెలియదు.

1974లో, మళ్లీ 1998లో పోఖరాన్‌లో పరీక్షలు చేశారు. ప్రపంచంలో ఇప్పుడు ఇలాంటి బాంబులు 12 వేలకు పైగా ఉన్నాయి. వీటిని నిషేధించే ఒప్పందం 2021 జనవరిలో అమల్లోకి వచ్చింది. మన దేశం సంతకం పెట్టలేదు. బాంబు తిన్న జపాన్ కూడా పెట్టలేదు. మాకూ బాంబుందని ఛాతీ విరుచుకునేవాళ్లని ఒక్కటే అడగండి: అది పడ్డ రోజు ఎండలో పనిలో ఉండేదెవరు? తర్వాత సాక్షి లేడని ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడేదెవరు?

సంఘం పిల్లలకి ఒక పని చెబుతున్నాను. మీ పేటలో ఒక నోటు పుస్తకం పెట్టండి. సెప్టిక్ ట్యాంకులో దిగి ఊపిరాడక పోయినవాళ్లు, పురుగుమందు కొడుతూ పడిపోయినవాళ్లు, క్వారీ దుమ్ముకి ఊపిరితిత్తులు చెడినవాళ్లు, వలసపోయి శవమై తిరిగొచ్చినవాళ్లు, ఒక్కొక్కరి పేరు రాయండి. ఇంట్లో పిలిచే పేరూ రాయండి, కార్డులో పేరూ రాయండి. తేదీ, చోటు, పనిలో పెట్టుకున్నవాడి పేరు, చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు, వేలిముద్రలు అన్నీ ఆ వారంలోనే తీసుకోండి. ముప్పై ఏళ్ల తర్వాత సాక్షి ఎక్కడున్నాడని అడిగే రోజు వస్తుంది. అప్పుడు మీ పుస్తకం మాట్లాడాలి.

కొండల అవతలివాడు, అది మీ పేట మీద పడింది అన్నాడు. ఆ మాట మనం ఎవరి చావు గురించీ అనొద్దు. పక్కపేట శవం లెక్క కూడా మన పుస్తకంలో రాద్దాం.

జై భీమ్!